ఒకే గొంగడివాళ్లు: జానపద ఫాంటసీ నవలలో గే పాత్రను రాయడానికి సమగ్ర మార్గదర్శి

మర్రితొర్రలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం. ఈ సరుకు తెలుగు పాఠకుడికి కొత్త కాదు. అదే కథలో ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి ప్రేమిస్తే ఆ పాత్రను ఎట్లా నిలబెట్టాలో చూసి నేర్చుకుందామంటే మాత్రం మనకు నమూనాలు తక్కువ. ఇంగ్లీషు ఫాంటసీలో నలభై ఏళ్ల నమూనాలున్నాయి, తప్పులతో సహా. ఆ తప్పులు ఎందుకు జరిగాయో తెలిస్తే మన నేల మీద అవే మళ్లీ చేయకుండా తప్పించుకోవచ్చు.

ఇందులోని లెక్కలన్నీ 60,000 మాటల నవలకు వేసినవి. సీరియల్‌గా రాస్తుంటే 2,500 మాటల చొప్పున 24 భాగాలు అనుకోండి.

ముందుగా, పని చేయడానికి ఒక కథ

గాల్లో సూత్రాలు చెప్పుకుంటే ఏమీ తేలదు. కాబట్టి ఒక నమూనా కథ పెట్టుకుందాం. పెన్న ఒడ్డున పచ్చికబీళ్లు. కరువుకు పడమటి నుంచి మంద దిగింది. మేసినందుకు రాజుకు పుల్లరి కట్టాలి. మందకాపరి పోలయ్య. అతని ఆబోతు మెడలో గంట మోగితే ఏరు పాయగా విడిపోయి దారి ఇస్తుంది. రాజు తరఫున పుల్లరి లెక్క రాసే కరణం సూరన. ఇద్దరూ చెరో పక్షం, ఇద్దరి మధ్యా ప్రేమ.

ఈ గొడవ ఎక్కడిదో నెల్లూరు, ఒంగోలు వాళ్లకు చెప్పక్కర్లేదు. 13వ శతాబ్దంలో కాటమరాజుకూ నెల్లూరు సిద్ధిరాజుకూ పుల్లరి దగ్గరే చెడింది, ఎర్రగడ్డపాటి యుద్ధం దాకా పోయింది. ఆ కథను పాడేవాళ్లు, కాటమరాజును కొలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకని తగాదా స్వభావం తీసుకోండి, పేర్లు వదిలేయండి. కొలుపు కథలో వీరుణ్ణి పట్టుకొచ్చి మీ పాత్ర చేస్తే చదివేవాళ్ల దృష్టంతా ఆ రచ్చ మీదికి పోతుంది, మీ ప్రేమకథ మూలన పడుతుంది.

మొదటి మెట్టు: మూడు దారాలు విడదీయండి

ఎవరిని ప్రేమిస్తున్నాడు అన్నది ఒక దారం. తనను తాను మగా, ఆడా, మరొకటా ఏమనుకుంటున్నాడు అన్నది రెండోది. ఏ వేషం కడుతున్నాడు అన్నది మూడోది. తెలుగు కథల్లో, సినిమా కామెడీ ట్రాకుల్లో ఈ మూడూ ముడిపడిపోయి ఉంటాయి. నడుం తిప్పితే గే, చీర కడితే గే, హిజ్రా అయితే గే.

బృహన్నల గే కాదు, శాపాన్ని అజ్ఞాతవాసానికి వాడుకున్న అర్జునుడు. శిఖండి కథ ఆడా మగా అన్న గుర్తింపు గురించి. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టి ఆంధ్రదేశాన్ని ఊపేశారు, అది నటన. చట్టం కూడా వీటిని విడివిడిగానే చూసింది. ట్రాన్స్‌జెండర్ల గుర్తింపుపై సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పిచ్చింది. ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలు నేరం కాదని 377వ సెక్షన్ మీద తీర్పిచ్చింది 2018 సెప్టెంబర్ 6న.

ఇంకో ముడి ఉంది, అది మన ప్రాంతానిదే. యుద్ధం నుంచి వెనక్కి వచ్చిన నెల్లూరు సేనాని ఖడ్గతిక్కనకు భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి, ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెట్టింది. అత్తా నేనూ నువ్వూ, ఇప్పుడు ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లమయ్యాం, సిగ్గెందుకు అంది. చాటువుగా ఇప్పటికీ చెప్పుకునే మాట. ఆ లోకంలో మగతనం అంటే వెన్ను చూపకపోవడమే, పడక సంగతి కాదు. మీ కథాలోకం ఇలాంటిదైతే పోలయ్యను పిరికివాడంటే 'ఆడది' అని తిడతారు, సూరనను ప్రేమించినందుకు అదే తిట్టు ఎందుకు పడాలి? ఈ రెండు తిట్లు మీ లోకంలో ఒకటేనా వేరా అన్నది రాయడం మొదలుపెట్టక ముందే తేల్చుకోండి. తేల్చుకోకపోతే పదో భాగంలో పాత్రలే మీకు తెలియకుండా కలిపేస్తాయి.

రెండో మెట్టు: ఆ లోకంలో దీన్ని ఏమంటారు?

గంటంతో తాటాకు మీద రాసే కాలంలో 'గే' అనే మాట నప్పదు. పత్రికలు వాడే 'స్వలింగ సంపర్కుడు' మనిషిని పడకకు కుదిస్తుంది, పైగా ఎఫ్‌ఐఆర్ వాసన. 'తేడా' సినిమా వెటకారం. కాబట్టి మాట పుట్టించుకోవాలి, ఆ మనుషుల పనిలోంచి పుట్టించుకోవాలి.

ఒంగోలు గిత్తల సీమ కదా అని 'ఒకే కాడివాళ్లు' అనాలనిపిస్తుంది. ఆగండి. కాడికి కట్టే ఎద్దులకు చాలామటుకు విత్తులు నొక్కించి ఉంటారని పల్లె పాఠకుడికి తెలుసు. మీరు గౌరవంగా అనుకున్నది అతనికి బూతు జోకులా వినపడుతుంది. పుట్టించిన ప్రతి మాటనూ ఆ పని తెలిసిన ఒకరికి వినిపించి, మొహం చూడండి.

'ఒకే గొంగడివాళ్లు' నిలబడుతుంది. మందల దగ్గర చలికి ఇద్దరు ఒక గొంగడి కప్పుకోవడం మామూలు విషయమే, అందుకే మాటలో దాపరికం ఉంది, దగ్గరితనమూ ఉంది. ఊరివాళ్లు నవ్వుతూ అనొచ్చు, వాళ్లిద్దరూ ధీమాగా అనుకోవచ్చు. ఇట్లా రెండు నోళ్లలో రెండు అర్థాలు పలికే మాట దొరికితే నవలంతా పనికొస్తుంది. 60,000 మాటల్లో ఏడెనిమిది సార్లు చాలు, ఎక్కువైతే నినాదం అవుతుంది.

మూడో మెట్టు: ఆ లోకపు కట్టుబాటు ఒక పేజీలో

రెండే దారులు. ఒకటి, ఆ లోకంలో ఇది ఎవరికీ పట్టని విషయం. 1987లో వచ్చిన ఎలెన్ కుష్నర్ నవల 'స్వోర్డ్స్‌పాయింట్' ఈ దారి పట్టింది. కత్తిసాము వీరుడు, అతని ప్రియుడు కలిసి ఉంటారు, దాని గురించి ఊరేమీ గగ్గోలు పెట్టదు, కథంతా ప్రభువుల కుట్రల మీద నడుస్తుంది. రెండోది, ఆ లోకంలో దీనికి ఖరీదుంది. ఏదైనా ఎంచుకోండి, ఎంచుకున్నాక మధ్యలో మార్చొద్దు.

రెండో దారి పడితే 'లోకం ఒప్పుకోదు' అని రాసి ఊరుకుంటే కుదరదు. లోకం అంటే ఎవరు? మన దగ్గర ఒత్తిడి వచ్చేది మూడు గుమ్మాల నుంచి: పెళ్లి, ఆస్తి, తలకొరివి. కరణీకం సూరనకు తండ్రి నుంచి వచ్చింది, తర్వాత ఎవరికి పోవాలి? పోలయ్య మందలో వాటా ఎవరిది? సూరన పోతే కొరివి ఎవరు పెడతారు? ఈ మూడింటికి జవాబు రాసుకుంటే విలన్ ఎవరో దానంతటదే తేలుతుంది. చాలాసార్లు అది సూరన తమ్ముడు అవుతాడు, అతనికి ప్రేమ మీద కోపమేమీ ఉండదు, కరణీకం మీద కన్ను ఉంటుంది.

కథానాయకుడు ఇప్పటి నెల్లూరు కుర్రాడై, ఉదయగిరి కోటలో ఏ ద్వారం గుండానో వేరే లోకానికి వెళ్లే కథ అయితే సంవత్సరం జాగ్రత్త. 377వ సెక్షన్ మీద ఢిల్లీ హైకోర్టు 2009లో ఇచ్చిన ఊరట 2013లో సుప్రీంకోర్టు తీసేసింది, మళ్లీ 2018లో వచ్చింది. పెళ్లికి చట్టబద్ధత 2023 అక్టోబర్ 17 తీర్పులో దక్కలేదు. 2015లో బయల్దేరిన కుర్రాడి భయం, 2024లో బయల్దేరినవాడి భయం ఒకటి కావు.

నాలుగో మెట్టు: పుస్తకంలోనే పెట్టండి

అందరికీ తెలిసిన ఉదాహరణ హ్యారీ పోటర్ నవలల్లో హెడ్మాస్టరు డంబుల్‌డోర్. ఏడో పుస్తకం 2007 జులైలో వచ్చింది. ఆయన గే అని రచయిత్రి చెప్పింది అదే ఏడు అక్టోబర్‌లో, న్యూయార్క్ సభలో. ఏడు పుస్తకాల్లో ఆ ముక్క ఎక్కడా సూటిగా లేదు. దీన్ని ధైర్యలేమి అని తిట్టేవాళ్లు చాలామంది. రాసేవాళ్లు చూడాల్సింది మాత్రం సాంకేతిక కారణం: కథ దాదాపు అంతా హ్యారీ కళ్లతో నడుస్తుంది, హెడ్మాస్టరు మనసులోకి పిల్లవాడికి దారి లేదు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సంగతీ ఇంతే. నవలల్లో రెన్లీకి గానీ లోరాస్‌కు గానీ సొంత దృష్టికోణంతో ఒక్క అధ్యాయం లేదు, కాబట్టి వాళ్ల ప్రేమ ఇతరుల కొంటె మాటల్లో సూచనగా మిగిలింది. 2011లో టీవీకి వచ్చాక కెమెరా నేరుగా గదిలోకి వెళ్లింది, విషయం తేటపడింది.

కాబట్టి ఇద్దరిలో ఒకరికైనా దృష్టికోణం ఇవ్వండి, మొదటి 15,000 మాటల్లోపు పాఠకుడికి విషయం ఖాయంగా తెలియాలి. తెలియడమంటే ప్రకటన చేయడం కాదు. పని చూపించాలి.

ఇది పనికిరాని వాక్యం: "ఆ ఇద్దరి మధ్య మాటలకందని ఏదో బంధం పెనవేసుకుంది." మాటలకందకపోతే నవల ఎందుకు?

దాని బదులు:

మంద గట్టెక్కింది. సూరన ఒళ్లో తాటాకు, చేతిలో గంటం.
"నూటపన్నెండు సామీ" అన్నాడు పోలయ్య.
"నూటపద్దెనిమిది. నేను లెక్కపెట్టా."
"ఆరు దూడలు. పాలు మరవలా. వాటికేంది పుల్లరి?"
సూరన మాట్లాడలేదు. ఆకు మీద అన్ని గీతలకూ మసి పూశాడు. చివరి ఆరు గీతలకు పూయలేదు. గీతలు ఆకులో ఉన్నాయి, కంటికి ఆనవు.
"రేపు ఏరు దాటతావా?"
"దాటాల."
"గంట గట్టిగా మోగించు. నాకు వినపడాల."

తాటాకు మీద గంటంతో గీసింది మసి పూస్తేనే కనిపిస్తుంది. ఆ పనితనం తెలిసిన కరణం, ప్రేమను కూడా ఆ పనిలోనే దాచాడు. అది నేరమూ అయింది. ఎవరో ఆ ఆకుకు మసి పూసిన రోజు కథ మలుపు తిరుగుతుంది. ప్రేమ, కథ ఒకే ముడిలో పడ్డాయి. ఇట్లా కథను మార్చే పనులు నవలలో కనీసం మూడైనా ఆ ప్రేమ వల్ల జరగాలి. అన్నట్టు, ప్రేమతో సంబంధం లేని పనులు కూడా వీళ్లకు ఉండాలి. పోలయ్య కనిపించే దృశ్యాల్లో సగానికి పైగా మంద గురించో, ఏటి గురించో, అప్పు గురించో ఉండకపోతే అతను మనిషి కాడు, అంశం అవుతాడు.

ఐదో మెట్టు: పిలుపు

ఇది తెలుగులో రాసేవాళ్లకే దక్కిన సదుపాయం, ఎక్కువమంది వాడుకోరు.

సూరన కరణం. పోలయ్యను "పోలిగా" అంటాడు, "రా" అంటాడు. పోలయ్య "సామీ" అంటాడు, "మీరు" అంటాడు. ప్రేమ పుట్టిందంటే ఈ నిచ్చెన ఎక్కడో కదలాలి. ఎవరు ముందు కదులుతారు? సూరన "పోలిగా" మానేసి "పోలయ్యా" అంటే అతనికి పోయేదేమీ లేదు. పోలయ్య "సామీ" మానేస్తే వీపు మీద దెబ్బలు పడొచ్చు. కాబట్టి మొదటి అడుగు సూరనది, రెండో అడుగు చాలా ఆలస్యంగా పోలయ్యది. పై దృశ్యంలో మొదటి మాటలో "సామీ" ఉంది, చివరి "దాటాల"లో లేదు. ఆ ఒక్క లోపం చాలు. మొత్తం నవలకు నాలుగైదు మార్పులు, ఏ భాగంలో ఏ పిలుపో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. లేదంటే మూడో భాగంలో "నువ్వు" అన్నవాడు ఏడో భాగంలో మళ్లీ "మీరు" అంటాడు, పాఠకుడు దాన్ని అలక అనుకుంటాడు.

'బావా', 'మామా' అనేవి స్నేహితులు ఎటూ అనుకునేవే. నలుగురిలో ప్రేమను దాచడానికి వాటిని మించిన ముసుగు లేదు. ఊరంతా విన్నా ఎవరికీ అనుమానం రాదు, పాఠకుడికి మాత్రం గుండె ఝల్లుమంటుంది. అయితే రెండు మూడు సార్లకు మించితే కామెడీ స్నేహితుల జంటలా తయారవుతారు.

కథకుడి సర్వనామం ఇంకా ముఖ్యం. యువరాజు 'అతడు', సేనాపతి 'ఆయన', గే పాత్ర మాత్రం 'వాడు' అయితే మీ అభిప్రాయం మీరు చెప్పకుండానే బయటపడుతుంది. 'అది' అని మగవాణ్ణి అవమానించడం మన వాడుకలో ఉంది. ఏదో ఒక పాత్ర నోట రావచ్చు, కథకుడి నోట రాకూడదు.

ఆరో మెట్టు: ఒక పండుగ, ఒక ప్రశ్న

వివక్ష చూపాలంటే కొరడాలు, ఉరికంబాలే అక్కర్లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా ముంగిట మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగను తలుచుకోండి. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి నీళ్లలో నిలబడి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె అని పేర్లు. మతం అడ్డు లేదు. దర్గాను యథాతథంగా ఫాంటసీలోకి లాగొద్దు, అది జనం నమ్మకం. ఇచ్చిపుచ్చుకునే ఆ పద్ధతిని తీసుకుని మీ లోకంలో వేరే చెరువు, వేరే గాథ కట్టుకోండి.

సూరన మోకాటి లోతు నీళ్లలో ఉన్నాడు. ఎదురుగా ఒక ముసలమ్మ.
"పెండ్లి రొట్టె ఇదే నాయనా. మా మనవడికి కుదిరింది. పిల్లెవురు?"
"మంద కాడ ఉంటారమ్మా."
"మందోళ్ల పిల్లా? మీ అమ్మ ఒప్పుకుంటదా?"
రొట్టె సగం ఆమె చేతిలో, సగం అతని చేతిలో ఉంది.

ఇక్కడ పనిచేసినవి రెండు. 'ఉంటారు' అనే గౌరవ బహువచనం ఆడామగా తేడా చెప్పదు, సూరన అబద్ధమాడకుండానే దాటేశాడు. రెండోది, ముసలమ్మ అడ్డంకి ఎక్కడ చూసిందో చూడండి: కులంలో. అసలు విషయం దాకా ఆమె ఊహే పోలేదు. మన ఊళ్లలో ఇట్లాగే ఉంటుంది. ఆమె దుర్మార్గురాలు కాదు, రొట్టె ఇస్తుంది కూడా. మరుసటి ఏడు కోరిక తీరితే సూరన రొట్టె తిరిగి తేవాలి. తెస్తాడా, తెచ్చి ఏ పేరుతో ఇస్తాడు అన్నది మీకు సిద్ధంగా దొరికిన ముగింపు దృశ్యం.

ఏడో మెట్టు: నాలుగు గుంటలు

మొదటిది శాపం. జానపదంలో శాపం, శాపవిమోచనం చేతికందే పనిముట్లు. మగవాడి మీద మగవాడి ప్రేమను శాపంగా పెట్టి, చివర ఏ కొలనులోనో మునిగి ఇద్దరిలో ఒకరు ఆడదై పెళ్లి పీటలెక్కితే కథ సుఖాంతం అనుకుంటారు. ఉమావనంలో అడుగుపెట్టి ఇలుడు స్త్రీ అయిన పురాణం ఉంది కదా అని సమర్థించుకుంటారు. ఆ కథ వేరు. మీరు 50,000 మాటల పాటు పోషించిన పోలయ్యను చివరి అధ్యాయంలో చంపేసినట్టే ఇది. కొత్తగా వచ్చిన ఆడమనిషిని సూరన ఎందుకు ప్రేమించాలి?

రెండోది చావు. మెర్సిడెస్ లాకీ రాసిన వాన్యెల్ నవలలు మూడు, 1989–90లో వచ్చాయి. కథానాయకుడే గే కావడం అప్పటికి చాలా పెద్ద సంగతి. అమెరికాలో ఎయిడ్స్ భయం ముదిరి ఉన్న రోజులు. ఆ మొదటి పుస్తకంలోనే అతని ప్రియుడు పోతాడు, మూడో దాంట్లో అతనూ ప్రాణత్యాగం చేస్తాడు. అప్పటికి అది వీరత్వం. తర్వాతివాళ్లు అదే అచ్చు గుద్దీ గుద్దీ, ప్రేమించిన మగవాళ్లు ఎటూ చస్తారని పాఠకుడు ముందే కనిపెట్టే స్థితికి తెచ్చారు. చంపకూడదని రూలేమీ లేదు, యుద్ధం కథలో చావు ఉంటుంది. ఒక పరీక్ష చేయండి: పోలయ్య స్థానంలో పోలమ్మను పెట్టి చదవండి. అప్పుడు కూడా ఆ చావు కథకు తప్పనిసరి అయితే ఉంచండి. పేరున్న పాత్రల్లో ఎంతమంది పోతున్నారు, వాళ్లలో గే పాత్రలెన్ని అని లెక్క రాసుకోండి. ఇద్దరుంటే ఇద్దరూ, మిగతావాళ్లంతా క్షేమం అయితే తప్పు మీదే.

మూడోది ప్రతినాయకుడు. 1934 నుంచి 1968 దాకా హాలీవుడ్‌ను ఏలిన నిర్మాణ నియమావళి ఇలాంటి పాత్రలను సూటిగా చూపనిచ్చేది కాదు. దాంతో కాటుక కళ్లు, మెత్తటి గొంతు, ఒయ్యారపు చెయ్యి వంటి సూచనలు మిగిలాయి, అవి ఎక్కువగా దుష్టులకే అంటుకున్నాయి. ఆ అలవాటు ఫాంటసీకీ పాకింది. మీ మాంత్రికుడు గే అయితే కావచ్చు, అతని దుర్మార్గం మాత్రం మరో ఆశలోంచి రావాలి, మంచి పక్షంలో ఇంకో గే పాత్ర ఉండాలి.

నాలుగోది బలవంతంగా బయటపెట్టించడం. రిక్ రియోర్డన్ 2013 నవలలో మన్మథుడే నీకో అనే కుర్రాణ్ణి నిలదీసి, ఇంకొకరి ఎదుట తన ప్రేమను ఒప్పించే ఘట్టం ఉంది. పిల్లల ఫాంటసీలో ఆ పాత్ర రావడం సంతోషపెట్టింది, ఆ పద్ధతి చాలామందిని నొప్పించింది. దేవుడైనా సరే గుంజి చెప్పిస్తే అది హింసే. అలాంటి ఘట్టం రాస్తే దాన్ని హింసగానే రాయండి.

ఇవేవీ లేకుండా నడిచే కథ కావాలంటే టీజే క్లూన్ 2020 నవల 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ' చూడండి: నలభై ఏళ్ల ప్రభుత్వోద్యోగి, మాయ పిల్లల అనాథాశ్రమానికి తనిఖీకి వెళ్తాడు, దాన్ని నడిపే మనిషిని ఇష్టపడతాడు. మరీ తియ్యగా ఉందనేవాళ్లున్నారు. బొజ్జ ఉన్న గుమాస్తా కూడా ప్రేమకథకు నాయకుడు కాగలడన్నది మాత్రం మనం పట్టుకోవాల్సిన ముక్క. మన కథల్లో ఇరవై రెండేళ్ల అందగాళ్లు చాలినంతమంది ఉన్నారు.

ఎనిమిదో మెట్టు: శృంగారం

మీ నవలలో యువరాజుకూ యువరాణికీ ఎంత ఇచ్చారో వీళ్లకూ అంతే. అక్కడ ముద్దు ఉంటే ఇక్కడా ముద్దు. అక్కడ దీపం ఆరితే ఇక్కడా దీపం ఆర్పండి. ప్రబంధపు పోలికలు తెచ్చి పెట్టకండి, అవి ఆడదాని ఒంటికి కుట్టిన బట్టలు. పోలయ్య ఒంటికి పేడ, పాలు, గొంగడి బొచ్చు వాసన ఉంటుంది, సూరన వేళ్లకు మసి ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

తొమ్మిదో మెట్టు: చదివించడం, అచ్చు

రెండో ప్రతి అయ్యాక ఇద్దరు ముగ్గురు గే పాఠకులకు ఇవ్వండి, ఊరికే కాదు, వాళ్ల సమయానికి తగినది ఇచ్చి. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. అడగాల్సినవి వేరు: ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించింది, ఏ మాట దగ్గర చిరాకు పుట్టింది, సూరన ఎక్కడ అబద్ధంలా అనిపించాడు. వాళ్లలో ఒకరైనా పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లయితే మేలు. మందల సంగతి తెలిసిన మరొకరికి విడిగా ఇవ్వండి, దూడ ఎన్ని నెలలకు పాలు మరుస్తుందో మీరు తప్పు రాసి ఉంటారు.

వెనక అట్ట మీద 'నిషిద్ధ ప్రేమ', 'సంచలన నవల' అని వేయనివ్వొద్దు. పుల్లరి గొడవ, ఏరు చీల్చే గంట, మధ్యలో ఇద్దరు మగవాళ్ల ప్రేమ అని ఉన్నదున్నట్టు వేయించండి. దాస్తే కొన్న పాఠకుడు మోసపోయాననుకుంటాడు, వెతుక్కునే పాఠకుడికి పుస్తకం దొరకదు.

సంపాదకుడు నిడివి పేరుతో కోత అడుగుతాడు, అడిగేది దాదాపు ఎప్పుడూ వీళ్లిద్దరి దృశ్యాలే. ముద్దు దగ్గర బేరం ఆడితే ఒకటి వదులుకోవచ్చు, యువరాణి ముద్దు కూడా పోయే షరతు మీద. చెరువు దృశ్యం కుదించొచ్చు. మసి పూయని ఆరు గీతల్ని మాత్రం ఇవ్వొద్దు. అవి పోతే పద్దెనిమిదో భాగంలో సూరన మీద నడిచే విచారణలో రాజు చేతికి ఇవ్వడానికి ఆకే ఉండదు.